తిప్పి పంపితే ఒక్కసారే పంపండి, కాగితం మీద రాసి పంపండి: రవాణా శాఖకు బహిరంగ లేఖ

రవాణా శాఖ ఉన్నతాధికారులకు, జిల్లా కార్యాలయాల్లోనూ యూనిట్ ఆఫీసుల్లోనూ పనిచేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్లకు, కౌంటర్ సిబ్బందికి,

నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆటోలు, ట్రాక్టర్లు, రొయ్యల బండ్లు, గ్రానైటు లారీలు నడిపేవాళ్లం, వాటి యజమానులం, మెకానిక్కులం, బండి నేర్పేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. తక్కువ మందితో ఎక్కువ ఫైళ్లు చూస్తున్నారని మాకు తెలుసు. మర్యాదగా మాట్లాడి పనిచేసి పెట్టే ఉద్యోగులు మీలో ఉన్నారు, వాళ్లకు మా కృతజ్ఞతలు. ఇదే విషయం మీద కలెక్టరేట్లలో సోమవారం తీసుకునే అర్జీల్లో రాసిచ్చాం. సంబంధిత శాఖకు పంపడమైనదని ఒక మెసేజీ, పరిష్కరించడమైనదని ఇంకో మెసేజీ వచ్చాయి. ఏది పరిష్కారమైందో అర్జీ పెట్టినవాళ్లకే తెలియలేదు. అందుకని ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాం.

ఫీజులు తగ్గించమని మేం అడగడం లేదు. రూల్సు సడలించమనీ అడగడం లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో, కేంద్ర మోటారు వాహనాల రూల్సు 1989లో ఉన్నది ఉన్నట్టు నడిపితే మాకు చాలు. మా బాధంతా తిరుగుళ్ల గురించే. ఫైల్లో మూడు లోపాలుంటే మూడూ ఒకే రోజు చెప్పరు. ఇవాళ ఒకటి, అది సరిచేసుకొస్తే ఇంకొకటి, ఆపైన మరొకటి. అదీ నోటిమాటగానే. ఉదయగిరి, సీతారామపురం వైపు మెట్ట ఊళ్ల మనిషికి ఒక్క తిరుగుడంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఎక్కడెక్కడ ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో కింద రాస్తున్నాం.

1. సెకండ్‌హ్యాండ్ బండి పేరు మార్పిడి. దీనికి కావలసినవి ఇవీ: అమ్మినవారి ఫారం 29 రెండు ప్రతులు, ఇద్దరి సంతకాలతో ఫారం 30, ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్), తేదీ దాటని ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, కొన్నవారి ఆధార్. బండి మీద ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ కంపెనీ సంతకంతో ఫారం 35. చలానాలు బాకీ ఉండకూడదు. అరపేజీలో పట్టే జాబితా ఇది. అయినా మొదటిరోజు పొల్యూషన్ తేదీ దాటిందని పంపేస్తారు. అది తెచ్చాక, ఫారం 29 మీద అమ్మినవారి సంతకం కలవడం లేదంటారు. అమ్మినాయన ఏ చెన్నైలోనో పనిచేసుకుంటూ ఉంటాడు. ఆయన చేత మళ్లీ సంతకం పెట్టించుకుని వస్తే, ఆన్‌లైన్‌లో ఫైనాన్స్ ఇంకా చూపిస్తోందంటారు. అప్పు ఏనాడో తీరింది, రికార్డులో కొట్టేయించుకోలేదంతే. ఫారం 35 కోసం వెళ్తే ఆ ఊళ్లో కంపెనీ బ్రాంచే ఎత్తేసి ఉంటుంది. రికార్డు తెరవగానే ఫైనాన్స్ సంగతి కనబడుతుంది కదా, ఆ మాట మొదటిరోజే చెబితే మూడు పనులూ ఒకేసారి మొదలుపెట్టుకునేవాడు.

రాష్ట్రం లోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలని చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు తిరుగుళ్లలోనే కరిగిపోతోంది. ఈలోగా బండి ఎవరినైనా గుద్దితే? రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. బండి అమ్మేసి, డబ్బు తీసుకుని, ఫారాల మీద సంతకాలు కూడా పెట్టిన మనిషి, తనకు సంబంధంలేని ప్రమాదానికి కోర్టు మెట్లెక్కాల్సి వస్తోంది.

2. పేర్ల తేడాలు. మా రెండు జిల్లాల్లో జనాన్ని ఎక్కువగా ఏడిపిస్తున్నది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు, మాలకొండ స్వామి పేరు పెట్టుకున్న మాల్యాద్రులు మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. తెలుగులో రాస్తే ఈ పేర్లకు ఒక్కటే స్పెల్లింగు. ఇంగ్లిషులోకి వెళ్లేసరికి పెంచలయ్య చివర ఒక కాగితంలో హెచ్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. మాల్యాద్రి మధ్యలో ఒకచోట వై, ఇంకోచోట ఐ. పాత లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరం, అదీ ముందు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి వెనక ఉంటుంది. పాత లైసెన్సులో బడి రికార్డు ప్రకారం పుట్టినతేదీ ఉంటే, ఆధార్‌లో జనవరి 1 అని వేసి ఉంటుంది. ఆధార్ తీసేటప్పుడు తేదీ తెలియనివారికి అలాగే వేశారు.

ఈ తేడా పట్టుకుని ఒకరు స్టాంపు పేపరు మీద అఫిడవిట్ తెమ్మంటారు. ఇంకొకరు ముందు ఆధార్ మార్చుకు రమ్మంటారు. ఆధార్ మారిస్తే బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం అన్నిటితోనూ కొత్త తేడా వస్తుంది. లైసెన్సు రెన్యువల్‌కు వచ్చిన డ్రైవరు దాంతో ఆగిపోతాడు. తేదీ దాటి ఏడాదిలోపు రాకపోతే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పెట్టాల్సిందే. పాతికేళ్లుగా లారీ తోలుతున్న మనిషి ఒక్క హెచ్ కోసం మళ్లీ ట్రాక్ ఎక్కాలా? ఫొటో, తండ్రిపేరు, ఊరు కలిసి, తేడా ఒకటి రెండు అక్షరాల్లోనో ఇంటిపేరు ముందు వెనకల్లోనో ఉన్నప్పుడు, దరఖాస్తుదారు సొంత ధ్రువీకరణ తీసుకుని సరిచేసే అధికారం కౌంటర్ స్థాయిలోనే ఇవ్వండి. పుట్టినతేదీ తేడాకు ఏ ఒక్క కాగితం చాలునో అన్ని ఆఫీసులకూ ఒకే మాట చెప్పండి.

3. ఛాసిస్ నంబరు తప్పులు. బండి చట్రం మీద చెక్కిన ఛాసిస్ నంబరులో మామూలుగా అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. అంతర్జాతీయ పద్ధతి ప్రకారం అందులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడరు. ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతారనే వాటిని తీసేశారు. అయినా పాత రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు సున్నా చోట ఓ, ఒకటి చోట ఐ కొట్టేశారు. ఇప్పుడు ఇన్సూరెన్సులో ఒకలా, ఆన్‌లైన్‌లో ఒకలా ఉందని బండినే ఆఫీసుకు తెమ్మంటున్నారు. అక్కడ పెన్సిల్ ప్రింటు తీయాలి: బైకైతే హ్యాండిల్ కింద మెడ గొట్టం మీద చెక్కిన నంబరును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పరిచి పెన్సిల్ రుద్దితే అక్షరాలు తెల్లగా లేస్తాయి. సముద్రం పక్క మండలాల్లో, రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బళ్లకు ఉప్పుగాలి తగిలి ఆ చోట తుప్పు పొర కట్టేస్తుంది. గరుకు కాగితం గట్టిగా రుద్దితే నంబరే అరిగిపోతుంది, అప్పుడు నంబరు దిద్దారన్న అనుమానం ఇంకోటి. 17 అక్షరాల నంబరులో ఓ గాని, ఐ గాని, క్యూ గాని కనబడిందంటే అది ఎంట్రీలో జరిగిన తప్పే. దాన్ని మీరే వెతికి సరిచేయవచ్చు. బండి తెమ్మనడం, కరెక్షన్ ఫీజు అడగడం న్యాయం కాదు.

4. ఓటీపీ ఎవరి ఫోనుకు పోతోంది? బండి కొన్నరోజు షోరూమ్‌లో తొందర కొద్దీ వాళ్ల నంబరో, మధ్యలో ఉన్న ఏజెంటు నంబరో కొట్టి ఉంటారు. యజమానికి ఆ సంగతి ఏళ్ల తర్వాత గాని తెలియదు. చలానా మెసేజీ రాదు, టాక్సు గడువు మెసేజీ రాదు. సేవ కోసం దరఖాస్తు చేస్తే ఓటీపీ వేరే ఎవరికో వెళ్తుంది. నంబరు మార్చుకోవాలంటే ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ రికార్డులో ఉన్నట్టే కొట్టాలి. అందులో పైన చెప్పిన సున్నా, ఓ తప్పు ఉంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆధార్ వేలిముద్ర తీసుకుని కౌంటర్‌లోనే అప్పటికప్పుడు నంబరు మార్చే ఏర్పాటు చేయండి. ఒకే ఫోను నంబరు పదుల బళ్లకు ఉన్నచోట ఆ నంబరు ఎవరిదో కనుక్కోండి. ఏజెంట్ల పట్టు ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

5. డ్రైవింగ్ టెస్టు. ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్సు) వచ్చిన 30 రోజుల తర్వాత, 6 నెలల లోపు టెస్టుకు రావాలి. ఫెయిలైతే 7 రోజులు ఆగాలి. మూడుసార్లు ఫెయిలైతే 60 రోజులు ఆగాలి. రూలు మంచిదే, రోడ్డు మీద ప్రాణాల సంగతి కదా. మా అభ్యంతరం ట్రాక్ మీదా, ఫలితం చెప్పే తీరు మీదా.

ఎనిమిది ఆకారపు ట్రాక్‌లో కాలు కింద పెడితే ఫెయిల్. మొదటి గేరులో, క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు కొద్దిగా అదుముతూ, చూపు ముందు చక్రం మీద పెట్టకుండా మలుపు దాటి పెడితే కాలు దిగదు. ఇది నేర్పగలం, నేర్పుతున్నాం కూడా. కాని గీతలు చెరిగిపోయి, ట్రాక్ మీద ఇసుక చేరితే ముందు చక్రం జారుతుంది. ఎంత నేర్చినవాడైనా కాలు పెట్టాల్సిందే. సొంతబండి ఇన్సూరెన్సు తేదీ దాటిందని గేటు దగ్గరే ఆపేస్తే, అక్కడే అద్దెకిచ్చే బండి ఎక్కుతారు. చేతికి అలవాటులేని క్లచ్, పాదానికి అందని బ్రేకు. ఆడవాళ్లు ఎక్కువమంది గేరులేని స్కూటర్ మీద నేర్చుకుని, దరఖాస్తులో గేరు బండి అని టిక్కు పెట్టించుకుని వస్తున్నారు. ఆ తేడా ఎల్‌ఎల్‌ఆర్ రోజే చెప్పేవాళ్లు లేరు. టెస్టు రోజు తేలితే ఆ నెలంతా వృథా.

ఫెయిలని ఒక్కమాట చెప్పి పంపేస్తే ఏం దిద్దుకోవాలో తెలియదు. గీత తొక్కాడా, కాలు పెట్టాడా, సిగ్నల్ ఇవ్వలేదా, రివర్సులో స్తంభానికి తగిలాడా, అది రాసివ్వండి. తెలియకపోతే మనిషి ఏమనుకుంటాడు? ఏజెంటు ద్వారా రాలేదు కాబట్టి ఫెయిల్ చేశారనుకుంటాడు. అది నిజం కాకపోయినా అలాగే నమ్ముతాడు, మరుసటిసారి ఏజెంటు దగ్గరికే పోతాడు. ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో తరగతికి 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు తరగతికి 300, లైసెన్సుకు 200 రూపాయలు కేంద్ర రూల్సులో ఉన్న ఫీజులు. సర్వీసు చార్జీలు వేరు. గేటు బయట అంతకు ఎన్నో రెట్లు ఇచ్చి ఆ మనిషి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

ఏజెంట్ల గురించి ఒకమాట. వాళ్ల పొట్ట కొట్టమని మేం అనడం లేదు. చదువురాని మనిషికి ఫారం నింపిపెట్టేవాడు కావాలి, దానికి కూలి ఇవ్వడంలో తప్పులేదు. కౌంటర్‌లో ఆగిపోయిన అదే ఫైలు, అవే కాగితాలతో, మూలన ఏజెంటు పెన్సిల్ గుర్తుతో వస్తే సాఫీగా కదిలిపోవడం మాత్రం తప్పు.

6. స్లాట్లు, సర్వర్. ఆన్‌లైన్‌లో ఫీజు కడితే ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, స్టేటస్ మాత్రం పెండింగ్. తెలియనివాళ్లు మళ్లీ కడతారు, రెండుసార్లు పోతుంది. ముందు పేమెంట్ స్టేటస్ సరిచూసుకునే ఆప్షన్ నొక్కాలని, అది తేలేవరకూ రెండోసారి కట్టకూడదని తెలుగులో ఒక్క బోర్డు పెట్టండి. సర్వర్ పనిచేయక టెస్టు జరగని రోజు స్లాట్ పోయినట్టు లెక్కించకండి. అది మీ వైపు ఆగింది కాబట్టి కొత్త తేదీ మీరే ఇచ్చి మెసేజీ పంపండి. ఎల్‌ఎల్‌ఆర్ గడువు దగ్గరపడినవారికి అందులో మొదటి వంతు ఇవ్వండి, లేకపోతే గడువు దాటి మళ్లీ 150 దగ్గర మొదలుపెట్టాలి.

7. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్). మా ఊళ్లలో ఇప్పటికీ ఇన్‌స్పెక్టరుగారిని బ్రేక్ ఇన్‌స్పెక్టరనే అంటారు. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. తేదీ దాటితే రోజుకు 50 రూపాయలు అదనం. రొయ్యల బండ్లలో ఐసు నీళ్లు, ఉప్పునీళ్లు కారి, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు కొస తుప్పుపడుతుంది. షెడ్డులో వెలిగిన బ్రేకు లైటు మీ ముందుకొచ్చేసరికి వెలగదు. బోల్టు విప్పి, కొస గీకి, మళ్లీ బిగిస్తే పది నిమిషాల పని. అలాగే ఊడిన రిఫ్లెక్టివ్ స్టిక్కర్, పనిచేయని వైపర్, హారన్. ఇలాంటి వాటికి బండిని తిప్పిపంపి కొత్త స్లాట్ తీసుకోమంటే ఆ రోజులన్నిటికీ 50 చొప్పున పడుతుంది, కిరాయీ పోతుంది. బ్రేకులు పట్టకపోయినా, స్టీరింగ్ ఆట ఎక్కువున్నా, టైర్లు నున్నగా అరిగినా మొహమాటం లేకుండా ఆపండి, అలాంటి బండి రోడ్డెక్కొద్దని మేమే అంటాం. చిన్న లోపాలకు మాత్రం సాయంత్రం ఆఫీసు మూసేలోపు మళ్లీ చూపించుకునే వీలివ్వండి. ఎఫ్‌సీ లేని బండి రిజిస్ట్రేషనే చెల్లనట్టు లెక్కని 56వ సెక్షన్ అంటోంది. ఆ మధ్యలో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెడుతుంది.

8. చనిపోయినవారి బండి. యజమాని పోతే 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబసభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకారం కావాలి. కర్మకాండలు ముగిసి, తహసీల్దారు ఆఫీసు నుంచి సర్టిఫికెట్ వచ్చేసరికే గడువు అయిపోవస్తుంది. తండ్రి ఆటో తోలుకుంటున్న కొడుకుకు ఆర్‌సీ తన పేరున లేకపోతే, 2025 అక్టోబరు 4న మొదలైన ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద వచ్చే 15 వేలూ అందవు. కుటుంబసభ్యుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసిన రసీదు చూపిస్తే ఫైలు తీసుకోండి, సర్టిఫికెట్ వచ్చాక జతచేయిస్తాం.

9. పదిహేనేళ్లు దాటిన బైకులు. ఏపీ 26, ఏపీ 27 నంబర్ల పాత బళ్లు పల్లెల్లో ఇంకా తిరుగుతున్నాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఆలస్యమైతే బైకుకు నెలకు 300 రూపాయలు అదనం. రూల్లో ఉన్నది దరఖాస్తు చేయడంలో ఆలస్యం గురించి. మొదటిసారి దరఖాస్తు ఇచ్చిన తేదీ నుంచి, మీరు తిప్పిపంపిన రోజులకు ఈ 300 వేయకూడదు.

10. లైట్ మోటార్ లైసెన్సు. 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సు ఉంటే చాలు, లైసెన్సులో విడిగా ట్రాన్స్‌పోర్టు అని ఎక్కించుకోనక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. చిన్న గూడ్సు బండ్లవాళ్లను ఇంకా అది అడుగుతున్నారు. కౌంటర్ దగ్గరా, రోడ్డు మీద తనిఖీ చేసేవారి దగ్గరా ఈ తీర్పు సారం తెలుగులో ఒక పేజీ ఉండాలి.

ఇవన్నీ చదివాక మీకు ఒక సందేహం రావచ్చు, చాలావరకు ఆన్‌లైన్ అయిపోయింది కదా అని. నిజమే. కేంద్రం 2021 మార్చిలో 18 సేవలను, 2022 సెప్టెంబరులో 58 సేవలను ఆధార్‌తో ఆఫీసుకు రాకుండానే చేసుకోవచ్చని ప్రకటించింది. కాని ఇంట్లో అప్‌లోడ్ చేసిన కాగితాల ప్రింటు తీసి, మళ్లీ కౌంటర్‌కు తెమ్మంటే అది ఆన్‌లైన్ ఎలా అవుతుంది? ఒకే పనికి ఇంటర్నెట్ అంగడికీ, జిరాక్సుకూ, బస్సుకూ మూడుచోట్ల ఖర్చవుతోంది.

మేం కోరుతున్నవి:

1. ఫైలు తిప్పిపంపితే లోపాలన్నీ ఒకే చీటీ మీద, తెలుగులో, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ చీటీలో లేని కొత్త లోపాన్ని రెండోసారి చూపించకూడదు. మిగతావన్నీ ఆలస్యమైనా సరే, ఇది మాత్రం వెంటనే మొదలుపెట్టండి. దీనికి కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు, కొత్త జీఓ కూడా అక్కర్లేదు.

2. మొదటి దరఖాస్తు తేదీనే అన్ని గడువులకూ, ఆలస్య రుసుములకూ లెక్కగా తీసుకోవాలి.

3. ఏ పనికి ఏ ఫారం, ఏ కాగితాలు, ఎంత ఫీజు అనేది గేటు బయట, చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించాలి. లోపల గోడ మీద ఉంటే లాభంలేదు, ఏజెంటును దాటి వచ్చాకే అది కనబడుతుంది.

4. టెస్టు ఫెయిలైతే కారణం రాసివ్వాలి. ట్రాక్ గీతలకు రంగు వేయించి, రోజూ టెస్టు మొదలయ్యేముందు ట్రాక్‌ను ఊడ్పించాలి.

5. పేర్లు, పుట్టినతేదీ, ఛాసిస్, ఫోను నంబరు సవరణలకు వారంలో ఒకరోజు విడిగా కౌంటర్ పెట్టాలి. మెట్ట మండలాలకు నెలకొకసారి ఆ కౌంటర్‌నే మండల కేంద్రానికి పంపాలి.

ఈ లేఖ ప్రతిని కలెక్టరేట్లలో సోమవారం అర్జీలకు మళ్లీ జతచేస్తున్నాం. నెలరోజులు చూస్తాం. ఆ తర్వాత, గడిచిన ఏడాదిలో ఎన్ని ఫైళ్లు తిప్పిపంపారు, ఒక్కో ఫైలును ఎన్నిసార్లు, ఏ కారణం రాసి పంపారు అనే వివరాలు కోరుతూ సమాచార హక్కు చట్టం కింద ప్రతి కార్యాలయానికీ విడివిడిగా దరఖాస్తులు వేస్తాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల డ్రైవర్లు, వాహన యజమానులు, మెకానిక్కులు, డ్రైవింగ్ నేర్పేవారు